థైరాయిడ్ గడ్డకి సూది పరీక్ష చేయించుకునేవాళ్ళు జాగ్రత్త

ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాస్తున్నా. అమ్మకి థైరాయిడ్‌లో గడ్డ. స్కాన్‌లో టైరాడ్స్ 4 (అంటే కొంత అనుమానించాల్సిన గడ్డ) అని వచ్చింది, సైజు 1.5 సెంటీమీటర్లు దాటింది, అందుకని ఎఫ్ఎన్ఏసీ (సన్న సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూసే పరీక్ష) రాశారు. అక్కడిదాకా ఏ పేచీ లేదు.

పరీక్ష గదిలో అల్ట్రాసౌండ్ మెషీన్ మంచం పక్కనే ఉంది. దాన్ని ఆన్ కూడా చెయ్యలేదు! మెడ మీద వేళ్ళతో తడిమి సూది గుచ్చేశారు. స్కాన్‌లో చూస్తూ చెయ్యరా అని అడిగితే, "చేతికి తగులుతోంది కదండీ" అన్నారు. గడ్డలో కొంత నీరు, కొంత గట్టి భాగం ఉందని స్కాన్ రిపోర్టులోనే రాసుంది. సూది గట్టి భాగంలోకి వెళ్ళిందో నీటిలోకి వెళ్ళిందో చేతికెలా తెలుస్తుంది? సూది లోపలున్నంతసేపూ మింగకూడదు, మాట్లాడకూడదు అని అమ్మకి ఒక్కరూ చెప్పలేదు. గుటక వేస్తే థైరాయిడ్ మొత్తం పైకీ కిందకీ కదులుతుంది. ఆవిడకేం తెలుసు, భయానికి గుటకలు మింగుతూనే ఉంది.

రిపోర్టు ఇచ్చేటప్పుడు కౌంటర్‌లో అతను, "ఏం లేదమ్మా, క్యాన్సర్ కాదు, నిశ్చింతగా వెళ్ళండి" అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చేసింది. ఇంటికొచ్చి కాగితం చదివితే "నాన్ డయాగ్నోస్టిక్, బెథెస్డా 1" అని ఉంది. బెథెస్డా అంటే ఈ సూది పరీక్ష ఫలితానికి 1 నుంచి 6 దాకా ఇచ్చే నంబర్. 1 అంటే క్యాన్సర్ లేదని కాదు, ఉందని కూడా కాదు. తీసిన శాంపిల్ ఏ సంగతీ తేల్చడానికి సరిపోలేదని. మామూలుగా స్లైడ్ మీద కనీసం 10 కణాలున్న గుంపులు 6 అయినా కనబడాలి. అమ్మ స్లైడ్‌లో దాదాపు అంతా రక్తమే.

వెనక్కి వెళ్ళి అడిగితే డాక్టర్ తల కూడా ఎత్తలేదు. "మీ అమ్మగారు కదిలారు, మేమేం చేస్తాం? మళ్ళీ కావాలంటే మళ్ళీ బిల్లు కట్టండి." అమ్మ ముందే అన్నాడీ మాట. ఆవిడ ముఖం చిన్నబోయింది, తప్పంతా తనదే అన్నట్టు "సారీ అండీ" అంది. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. శాంపిల్ చాలకపోవడం చెయ్యి తిరిగినవాళ్ళకీ జరుగుతుంది, దాన్ని తప్పుపట్టను. తేలని రిపోర్టుని బాగున్నట్టు చెప్పి పంపడం, పైగా నింద పేషెంట్ మీద వెయ్యడం, ఇదెక్కడి న్యాయం? మేం కాగితం తెరవకుండా బీరువాలో పెట్టేసి ఉంటే?

వేరే చోట డేట్ తీసుకున్నాం. ఈసారి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తారు, కణాలు చాలినన్ని వచ్చాయో లేదో అక్కడికక్కడే మైక్రోస్కోప్‌లో చూస్తారట.

మీరు వెళ్తే ఈ రెండూ ముందే అడగండి. రిపోర్టులో బెథెస్డా నంబర్ మీ కళ్ళతో చూసుకోండి: 2 అంటే మామూలు గడ్డ, 6 అంటే క్యాన్సర్, 5 అంటే గట్టి అనుమానం, 3, 4 అంటే ఇంకా తేలనివి, 1 అంటే అసలు పరీక్షే కానట్టు. ఈ గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కాదు, కాబట్టి భయంతో మానెయ్యకండి. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష ముందే చేయించండి. అది తక్కువుంటే ముందు వేరే స్కాన్ చేస్తారు, ఒక్కోసారి సూది అవసరమే పడదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.