ఒక్కసారి ఆపరేషనా, మూడు నెలలకో ఇంజెక్షనా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాలవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకాక బయటపడితే వృషణాలు తొలగించే ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా, లేక మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేయించుకుంటూ పోవాలా? ఆ దశలో ప్రోస్టేట్ గ్రంథినే తీసివేసే పెద్ద ఆపరేషన్ సాధారణంగా చెయ్యరు.

రెండూ పురుష హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్‌ను అణచడానికే. అది తగ్గితే ఈ క్యాన్సర్ అణగుతుందని 1941లో చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయుష్షులో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వేడి ఆవిర్లు, లైంగిక వాంఛ తగ్గడం, కండ కరగడం, ఎముకలు పలచబడడం రెండింటిలోనూ ఉంటాయి. వ్యాధిని అదుపు చేస్తాయే గాని పూర్తిగా నయం చెయ్యవు.

ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లోనే హార్మోన్ పడిపోతుంది. గోసెరెలిన్, ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్లతో మొదట కొన్నాళ్లు పెరిగి, రెండు నుంచి నాలుగు వారాలకు దిగుతుంది. ఆ పెరుగుదల హాని చెయ్యకుండా ముందు బైకాలుటమైడ్ మాత్రలు ఇస్తారు. క్యాన్సర్ వల్ల వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పట్టు తప్పుతున్న మనిషికి ఆ వారాలు ఎంతో విలువైనవి.

అయినా నా దృష్టిలో అసలు తేల్చవలసింది, ఇంజెక్షన్ తేదీని ఏళ్ల తరబడి తప్పకుండా నిలబెట్టుకోగలమా అన్నదే. మా పెదనాన్నగారికి మొదట ఇంజెక్షనే ఎంచుకొని, జనవరి నుంచి విశాఖపట్నం తీసుకువెళ్లాం. రెండు సక్రమంగా పడ్డాయి. మూడోదాని వేళకు వానలు, వరినాట్లు ఒక్కసారే వచ్చిపడి, తోడు వెళ్లే మనిషి దొరకక ఐదు వారాలు ఆలస్యమైంది. ఈలోగా పిఎస్‌ఎ (ఈ క్యాన్సర్ తీరును రక్తపరీక్షలో తెలిపే ప్రోటీన్) పెరిగింది, నడుము నొప్పి తిరగబెట్టింది. తర్వాత నడుముకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు, మర్నాడే ఇంటికి తెచ్చుకున్నాం. ఆసుపత్రికి దూరంగా ఉన్న ఇళ్లకు నేను ఆపరేషనే మేలంటాను.

కాని అది వెనక్కి తీసుకోలేని నిర్ణయం. పైపొర ఉంచి లోపలి కణజాలం మాత్రమే తీసే పద్ధతి ఉన్నా, మనసుకు తగిలే దెబ్బ చిన్నది కాదు. కొడుకులు తమలో తాము మాట్లాడుకొని సంతకం పెట్టించడం నాకు బాధ కలిగిస్తుంది. ముందు రోగినే కూర్చోబెట్టి అడగాలి. ఆసుపత్రి దగ్గరలో ఉన్నవారికీ, రేడియేషన్‌తో పాటు కొంతకాలమే హార్మోన్ చికిత్స అవసరమైనవారికీ ఇంజెక్షన్ తగినది. నెలనెలా వేసే డెగరెలిక్స్ అనే ఇంజెక్షన్ కూడా ఉంది, హార్మోన్‌ను త్వరగానే దించుతుంది. మన దూరాలకు మాత్రం కష్టం.

ఆపరేషన్ అయినా పిఎస్‌ఎ పరీక్షలూ, చాలామందికి హార్మోన్‌ను ఇంకా అణచే అబిరాటిరోన్ వంటి మాత్రలూ తప్పవు. అందుకే ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రాలో ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు చెల్లుతుందో బయలుదేరకముందే విచారించుకోండి.