పుల్ లిస్ట్ సమీక్ష: అమెరికా కామిక్స్ షాపులో మన పేరున ఒక పెట్టె

అమెరికాలో ఏ కామిక్స్ షాపుకు వెళ్లినా కౌంటర్ వెనకాల పేర్లు రాసిన అట్టపెట్టెలో, ఫైళ్లో వరసగా కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఒక్కో పాఠకుడిది. ఏయే సిరీస్‌లు కావాలో ముందే చెప్పి ఉంచితే, ప్రతి బుధవారం దిగే కొత్త సంచికల్లోంచి మన కాపీలు తీసి అందులో పెడతారు. మన వీలు చూసుకుని వెళ్లి డబ్బు కట్టి తెచ్చుకోవడమే. దీని పేరు పుల్ లిస్ట్. చేరడానికి మామూలుగా రుసుమేమీ ఉండదు, పైగా చాలా షాపులు ముద్రించిన ధరలో పది శాతమో ఆపైనో తగ్గిస్తాయి. వినడానికి పాల ఖాతా అంత సులువుగా ఉంటుంది. కాదు.

నెలనెలా ఐదారు సిరీస్‌లు వదలకుండా చదివేవాళ్లకు ఇంతకంటే మంచి సేవ లేదు. కథ చేతికొస్తే చాలు, ఎప్పుడు చదివినా ఒకటే అనుకునేవాళ్లకు మాత్రం ఇది డబ్బు దండగ. ఈ తేడా అర్థం కావాలంటే షాపు వైపు లెక్క చూడాలి.

మామూలు పుస్తకాల దుకాణం అమ్ముడుపోని పుస్తకాన్ని ప్రచురణకర్తకు తిప్పి పంపగలదు. కామిక్స్ షాపు పంపలేదు. 1970ల మొదట్లో ఫిల్ స్యూలింగ్ అనే న్యూయార్క్ వ్యాపారి ప్రచురణకర్తలతో చేసుకున్న ఒప్పందం దీనికి మూలం: మాకు ఎక్కువ తగ్గింపు ఇవ్వండి, మిగిలిన కాపీలు తిప్పి పంపం. డైరెక్ట్ మార్కెట్ అనేది అలా పుట్టింది. విడి సంచికల వరకు ఇప్పటికీ ప్రధానంగా అదే పద్ధతి. ఏ సిరీస్ ఎన్ని కాపీలు పోతుందో షాపు యజమాని పుస్తకం కళ్లజూడకముందే తేల్చుకోవాలి.

4.99 డాలర్ల సంచిక ఒకటి తీసుకుందాం. షాపుకు సుమారు సగం ధరకు వస్తుందనుకుంటే పది కాపీలకు 24.95 డాలర్లు. ఆరు అమ్ముడుపోతే 29.94 వస్తుంది. చేతిలో మిగిలేది 4.99. అందులోంచే రవాణా, అద్దె, జీతాలు. ఆ ఆరూ పది శాతం తగ్గింపుతో పుల్ లిస్ట్ వాళ్లకే ఇచ్చి ఉంటే మిగిలేది రెండు డాలర్లు. ఆరో మనిషి రాకపోతే రెండున్నర డాలర్ల నష్టం. ఆ మిగిలిన కాపీలే కొన్నాళ్లకు ఏదైనా ఒక్క డాలరే అని పెట్టే డాలర్ పెట్టెలోకి చేరతాయి. మన జాబితా షాపుకు ఎందుకంత ముఖ్యమో, పెట్టె నెలల తరబడి ఖాళీ చేయని వాళ్ల మీద యజమానికి ఎందుకంత కోపమో దీన్నిబట్టి తెలుస్తుంది. మనం తీసుకోని కాపీ ఆయన నెత్తినే పడుతుంది.

చేరేటప్పుడు చూసుకోవాల్సింది తేదీలు. ఒక సంచిక వివరాలు విడుదలకు రెండు మూడు నెలల ముందే ప్రకటిస్తారు. షాపు ముందుగా ఒక సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్యను పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ ఆఖరి గడువు విడుదలకు సుమారు మూడు నాలుగు వారాల ముందు వస్తుంది. షాపుల్లో దాన్ని ఎఫ్ఓసీ (ఫైనల్ ఆర్డర్ కటాఫ్) అంటారు. మనం ఏం చెప్పినా ఆ గడువుకు ముందు చెబితేనే విలువ. మొదటి సంచిక బయటికి వచ్చి, అందరూ ఆహా ఓహో అన్నాక వెళ్లి జాబితాలో చేర్చమంటే, అప్పటికి రెండో సంచిక గడువు కూడా దాటిపోయి ఉండవచ్చు. మొదటిది అయిపోయింది, రెండోది తక్కువ తెప్పించారు, మూడో సంచిక నుంచి మాత్రం నికరంగా వస్తుంది. కొత్త సిరీస్‌లు మూడో సంచికకల్లా చతికిలబడటానికి ఇదొక కారణం.

ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, పేరు రాయించుకున్నంత మాత్రాన అన్నీ వచ్చిపడవు. తరచూ తప్పేది రీలాంచ్ దగ్గర. పెద్ద ప్రచురణకర్తలు నడుస్తున్న సిరీస్‌ను ఆపి, అదే పాత్రతో అదే పేరుతో మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెడుతుంటారు. మనకు అది అదే సిరీస్. షాపు కంప్యూటర్‌కు మాత్రం వేరే సిరీస్, వేరే కోడ్. పాత పేరు మీదున్న మన ఆర్డరు దానికి దానంతట అదే బదిలీ కాదు. జాగ్రత్తగల షాపువాళ్లు అడుగుతారు, మిగతా చోట్ల పెట్టె ఖాళీగా ఉన్నాక తెలుస్తుంది. వార్షిక సంచికలు, ఒకేసారి ముగిసే ప్రత్యేక సంచికలు, చాలా సిరీస్‌లను కలుపుకుని నడిచే పెద్ద ఈవెంట్ కథలకు అనుబంధంగా వచ్చేవి కూడా అంతే. కావాలో వద్దో ముందే స్పష్టంగా చెప్పాలి. ‘ఫలానా హీరోవి అన్నీ వెయ్యండి’ అని మొహమాటం లేకుండా అనేశామా, బిల్లు తడిసి మోపెడవుతుంది. సిరీస్ పేరు, సంచిక నంబరు ఎక్కడి నుంచి, ఏ కవర్, వార్షికాలు కలిపా కాదా, ఈ నాలుగూ రాసి ఇవ్వడం మేలు. నోటిమాట కౌంటర్‌లో మనిషి మారగానే పోతుంది.

కవర్ సంగతి విడిగా చెప్పాలి. ఒకే సంచికకు ఐదారు కవర్లు రావడం ఇప్పుడు మామూలే. ఏమీ చెప్పకపోతే ప్రధాన కవర్, అంటే ఎ కవర్ వేస్తారు, చదువుకోవడానికి అదే చాలు. మిగతావాటిని వేరియంట్లు అంటారు. చిక్కంతా నిష్పత్తి వేరియంట్లతో. 1:25 అంటే షాపు మామూలు కవర్లు పాతిక తెప్పిస్తే ఆ కవర్ ఒకటి కొనే అర్హత వస్తుంది. పదిహేను మందే చదివే సిరీస్‌కు పాతిక తెప్పిస్తే అదనపు పది కాపీల మీద దాదాపు పాతిక డాలర్లు పెట్టినట్టు. దాన్ని రాబట్టడానికే ఆ ఒక్క కవర్ మీద నలభయ్యో యాభయ్యో చీటీ అంటిస్తారు. అందులో అత్యాశ కంటే లెక్కే ఎక్కువ. కానీ ఆ పది కాపీలు ఎవరూ చదవనివి, అయినా ప్రచురణకర్త పుస్తకాల్లో అమ్మకం కిందే జమ. ఒక సంచిక లక్ష కాపీలు పోయిందని వార్త వస్తే, అవి షాపులకు పోయాయనే అర్థం, పాఠకుల ఇళ్లకు చేరాయని కాదు. 1990ల మొదట్లో రకరకాల కవర్ల వెంటపడి, ఒక్కొక్కరూ ఐదేసి కాపీలు కొని దాచిన కాలంలో ఇదే జరిగింది. ఆ బుడగ పగిలాక షాపులు వేల సంఖ్యలో మూతపడ్డాయి. జాబితాలో వేరియంట్లు వద్దన్నదే మా సలహా. ఆ చిత్రకారుడి బొమ్మంటే పడిచచ్చేంత ఇష్టముంటే తప్ప.

పెట్టెలోంచి తీసి ఇచ్చిన కట్టను డబ్బు కట్టే ముందే ఒకసారి తిరగేయాలి. బార్‌కోడ్ పక్కన చిన్నగా ఐదంకెలు ఉంటాయి. మొదటి మూడు సంచిక నంబరు, నాలుగోది కవర్, ఐదోది ముద్రణ. 00411 అంటే నాలుగో సంచిక, ఎ కవర్, మొదటి ముద్రణ. 00421 అయితే రెండో కవర్. 00412 అయితే అది రెండో ముద్రణ. పొరపాటున వేరే కవర్ వేసినా, మొదటి ముద్రణ అయిపోయి రెండోది పెట్టినా అక్కడే బయటపడుతుంది. తర్వాత వెన్ను చూడాలి. స్టేపుల్స్ దగ్గర ముదురు రంగు కవర్ మీద సన్నటి తెల్ల గీతలు పడ్డాయంటే అక్కడ కాగితం మడతపడి రంగు విరిగిందని అర్థం. కింది మూలలు నలిగితే రవాణాలో జరిగి ఉండవచ్చు. వెన్ను మొత్తం విల్లులా వంగి ఉంటే అది షాపులోనే జరిగి ఉండవచ్చు. సగమే నిండిన పెట్టెలో సంచికలు ఒరిగి నిలబడితే ఆ వంపు వస్తుంది. వెనక అట్టముక్క పెట్టి ప్లాస్టిక్ తొడుగులో ఉంచుతారా అని చేరేటప్పుడే అడగండి. ఇప్పటి సంచికలకు ఆ తొడుగు వెడల్పు సుమారు 6⅞ అంగుళాలు, ఎత్తు పదిన్నర. అట్టముక్కకు ఒక వైపు మెరుపు పూత ఉంటే ఆ వైపు పుస్తకానికి ఆనాలి.

ఇంతవరకు షాపు చేతిలో ఉన్నది. దాని చేతిలో లేనిది సరఫరా, ఈ సేవలో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే. 1994 చివర్లో పెద్ద ప్రచురణ సంస్థ మార్వెల్ సొంతంగా ఒక పంపిణీ సంస్థను కొనడంతో మొదలైన పోరు, మూడేళ్లు తిరక్కుండానే డైమండ్ అనే ఒక్క పంపిణీ సంస్థను మిగిల్చింది. ఆపైన రెండు దశాబ్దాలకు పైగా అమెరికాలో దాదాపు ప్రతి సంచికా దాని గోదాముల్లోంచే షాపుకు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల డైమండ్ కొత్త సరుకు ఆపేసింది. ఆ జూన్‌లో మరో పెద్ద ప్రచురణ సంస్థ డీసీ దానితో తెగతెంపులు చేసుకుని చివరికి లూనార్ అనే పంపిణీ సంస్థ దగ్గర స్థిరపడింది. 2021 అక్టోబర్‌లో మార్వెల్ పుస్తకాల సంస్థ పెంగ్విన్ రాండమ్ హౌస్ పంపిణీకి మారింది. 2023లో ఇమేజ్ అనే ప్రచురణ సంస్థ కూడా లూనార్‌కే పోయింది. పెద్ద తలకాయలన్నీ వెళ్లిపోయాక 2025 జనవరి 14న డైమండ్ దివాలా రక్షణకు దరఖాస్తు పెట్టుకుంది. దాని గోదాముల్లో అమ్మకానికి ఉంచిన చిన్న ప్రచురణకర్తల సరుకు ఎవరిదన్నది కోర్టు తగాదా అయింది.

పాఠకుడికి దీంతో పని ఏమిటంటే, ఒకప్పుడు షాపుకు వారానికి ఒకే పెట్టెల లోడు, ఒకే బిల్లు. ఇప్పుడు రెండు మూడు చోట్ల ఖాతాలు, వేర్వేరు గడువులు, వేర్వేరు రవాణా ఖర్చులు. నడుమ డీసీ సంచికలు నాలుగేళ్లు మంగళవారం వచ్చి, 2024 జూలైలో మళ్లీ బుధవారానికి చేరాయి. చిన్న షాపు ప్రతి పంపిణీదారు దగ్గరా ఖాతా తెరవకపోవచ్చు. మీ జాబితాలో చిన్న ప్రచురణకర్త పుస్తకం ఉంటే ‘ఇది ఎవరి ద్వారా తెప్పిస్తారు, తగ్గొస్తే ఎన్నాళ్లలో మళ్లీ వస్తుంది’ అని అడిగి తీరాలి. సూటిగా జవాబు చెప్పలేని చోట ఆ పుస్తకం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక పోటీ సంగతి. మార్వెల్, డీసీల డిజిటల్ చందా ఒక్కోదానికీ నెలకు దాదాపు రెండు సంచికల ఖరీదే, అందులో వేల సంచికలు చదువుకోవచ్చు. మార్వెల్‌ది మాత్రం కొత్త సంచిక షాపుకు వచ్చిన మూడు నెలలకు వస్తుంది. ఆగగలిగిన వాళ్లకు పుల్ లిస్ట్ అక్కర్లేదని మొహమాటం లేకుండా చెప్పవచ్చు. అయితే డిజిటల్‌గా ‘కొన్న’ పుస్తకం మనది కాదు, చదివే అనుమతి మాత్రమే. 2014లో అమెజాన్ చేతికి వెళ్లిన కామిక్సాలజీ అనే డిజిటల్ కామిక్స్ యాప్‌ను 2023 డిసెంబర్‌లో కిండిల్‌లో కలిపేశారు. కొన్నవి పోలేదు గానీ, పాఠకులు ఏళ్ల తరబడి అలవాటుపడిన యాప్ పోయింది. సంపుటాలైతే ఇంకా చవక. 4.99 చొప్పున ఆరు సంచికలు దాదాపు ముప్పై డాలర్లు, అవే కలిపి వేసిన సంపుటం తరచూ ఇరవై లోపే దొరుకుతుంది. 2024లో డీసీ పాత పేరున్న కథలను చిన్న సైజులో 9.99కే వేయడం మొదలుపెట్టింది, అది ముఖ్యంగా పుస్తకాల దుకాణాల పాఠకుడి కోసం. ఉత్తర అమెరికాలో 2019లోనే కామిక్స్ షాపుల అమ్మకాలను పుస్తకాల దుకాణాలు దాటేశాయి. పిల్లల గ్రాఫిక్ నవలలు, మాంగా (జపాన్ కామిక్స్) కొనేవాళ్లలో చాలామందికి బుధవారం అంటే ఏమిటో కూడా తెలియదు.

అందుకే జాబితా కొండవీటి చాంతాడంత ఉండకూడదు. ఆగలేని కథలు, సంపుటంగా వస్తుందో రాదో చెప్పలేని చిన్న ప్రచురణలు, వీటికే పెట్టెలో చోటివ్వండి. ముఖ్యంగా రెండో రకానికి. విడి సంచికలు అమ్ముడుపోకపోతే అవి మధ్యలోనే ఆగిపోతాయి. మిగతావి సంపుటంగా కొనుక్కోవడమో, తెర మీద చదువుకోవడమో మేలు. పెట్టెను వారం వారం కాకున్నా రెండు వారాలకోసారైనా ఖాళీ చేయాలి. చాలా షాపులు నెల, రెండు నెలలు చూసి పేరు కొట్టేస్తాయి. కార్డు వివరాలు తీసుకునే చోట, తీసుకోని సంచికలకు డబ్బు ఎప్పుడు కోసుకుంటారో రాతపూర్వకంగా తెలుసుకోండి. కొన్ని నెలలకు ముందే కట్టేస్తే ఎక్కువ తగ్గింపు ఇస్తామంటే మాత్రం వద్దనండి. షాపు మూతపడితే ఆ డబ్బు పూర్తిగా తిరిగొస్తుందన్న నమ్మకం ఉండదు.

ఏదైనా సిరీస్ మానుకోవాలంటే వచ్చి తీసుకోకుండా ఊరుకోవద్దు. ఈరోజు వద్దంటే, గడువు దాటిపోయిన సంచిక ఒకటి మన పేరున వచ్చే ఉంటుంది, కొన్నిసార్లు రెండు. ఏయే నంబర్లు ఇప్పటికే ఆర్డరులో ఉన్నాయో అడిగి, వాటి డబ్బు కట్టి తెచ్చుకుని, ఆ తర్వాతి నంబరు నుంచి పేరు కొట్టేయమని చెప్పాలి.