ఉద్యోగం లేనప్పుడు పార్ట్ టైమ్ మేలా, ఇంట్లో ఉండి ప్రయత్నించడం మేలా?

ఈ మధ్య నన్ను అందరూ అడుగుతున్నది ఇదే. నెల్లూరులో నేను పనిచేసిన ఫైనాన్స్ కంపెనీ బ్రాంచి మూసేశాక స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్లో సాయంత్రం పూట లెక్కలు చూసే పనికి కుదిరాను. అది తెలిసిన దగ్గర్నుంచి కావలి నుంచి పాత స్నేహితుడు, ఒంగోలులో డీఎస్సీకి చదువుతున్న చెల్లెలి వరసమ్మాయి, కందుకూరులో మా పిన్ని కొడుకు, అందరిదీ ఒకటే మాట: "చిన్న పనిలో చేరితే అసలు ఉద్యోగం వెనకబడిపోదా అన్నా?" ఫోన్‌లో తలా కొంచెం చెప్పాను గానీ మొత్తం ఒక చోట రాస్తే మేలనిపించింది.

ముందు ఇంట్లో ఉండి చదువుకునే దారి గురించి. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. పరీక్ష తేదీ చేతిలో ఉండి, ఇంకో మూడు నెలలే ఉందంటే ఏ పనీ పెట్టుకోకూడదు. ఇంట్లో ఒకరి జీతం వస్తూ, అప్పులేమీ లేకపోతే కూడా ఒక ఆరు నెలలు పుస్తకం ముందు కూర్చోవడంలో తప్పు లేదు. చిక్కల్లా తేదీ లేకుండా కూర్చునే వాళ్ళతోనే. మన రాష్ట్రంలో పరీక్షలు ఎట్లా జరిగాయో ఒకసారి గుర్తు చేసుకోండి. 2018 తర్వాత డీఎస్సీ మళ్ళీ పూర్తయింది 2025లో, 16,347 పోస్టులతో. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు, 2023 జనవరిలో ప్రిలిమ్స్ పెట్టారు, మెయిన్స్ రాయించేసరికి 2025 జూన్ వచ్చింది. గ్రూప్-2 కూడా ప్రిలిమ్స్‌కీ మెయిన్స్‌కీ మధ్య ఏడాది తీసుకుంది. ఇన్నేళ్ళు రోజుకు పన్నెండు గంటలు చదవగలిగిన మనిషిని నేను చూడలేదు. మొదటి రెండు నెలలు చదువుతారు, తర్వాత నాలుగు గంటలు చదివి మిగతా ఎనిమిది గంటలు టెన్షన్ పడుతూ గడుపుతారు. ఆ నాలుగు గంటల చదువు పార్ట్ టైమ్ చేస్తూ కూడా సాగుతుంది.

డబ్బు సంగతి చాలామంది తప్పుగా లెక్కేస్తున్నారు. "నెలకు ఏడు వేలు వస్తే ఏం ఒరుగుతుంది" అంటారు. ఆ ఏడు వేలతో ఏం కొంటామని కాదు, ఏది కదిలించకుండా ఉంటామని చూడాలి. ఉద్యోగం పోగానే మనవాళ్ళు చేసే మొదటి పని పీఎఫ్ డబ్బు తీసేయడం. 2024-25కు దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, మామూలు బ్యాంకు డిపాజిట్‌లో అంత రాదు. వడ్డీ కంటే పెద్ద విషయం పెన్షన్. పదేళ్ళ సర్వీసు ఉంటేనే పీఎఫ్ పెన్షన్ వస్తుంది. ఉద్యోగం మారినప్పుడు ఖాతా బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కలుస్తుంది, పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటే లెక్క మళ్ళీ మొదటి నుంచి. ఆరేడేళ్ళు చేసిన వాళ్ళు నాలుగు నెలల ఇంటి ఖర్చు కోసం అది పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. బియ్యం, కరెంటు బిల్లు, ఫోన్ రీఛార్జీ పార్ట్ టైమ్ డబ్బుతో గడిచిపోతే పీఎఫ్ జోలికి వెళ్ళే అవసరం ఉండదు, ఇంట్లో బంగారం తాకట్టుకు పోదు.

అయినా నా దృష్టిలో ఏది మేలో తేల్చేది డబ్బు కాదు, వేళ. పని ఎన్ని గంటలకు మొదలవుతుందన్నది అందరూ అడుగుతారు, ఎన్ని గంటలకు వదుల్తారన్నది ఎవరూ అడగరు. మన ఊళ్ళలో పార్ట్ టైమ్ అని చెప్పి పెట్టుకున్న పని మెల్లగా ఫుల్ టైమ్ అయిపోతుంది, జీతం మాత్రం పార్ట్ టైమ్‌దే ఉంటుంది. "నాలుగింటికి రా, తొమ్మిదికి వెళ్ళిపో" అన్న షావుకారే దసరా ముందు పదకొండు దాకా కూర్చోబెడతాడు, సంక్రాంతికి పొద్దున్నే రమ్మంటాడు. అందుకే చేరేటప్పుడే రెండు మాటలు తేల్చుకోవాలి: ఇంటర్వ్యూ ఉన్న రోజు రానని, తొమ్మిది దాటితే ఆ గంటలకు వేరే లెక్క అని. మొహమాటం వద్దు. నేను అడిగితే మా షావుకారు ఒక్క నిమిషం ఆలోచించి సరేనన్నాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, ప్రతి నెలా 11లోపు, 20లోపు జీఎస్టీ పని ఆగకూడదని. 11కి అమ్మకాల వివరాలు, 20కి త్రీబీ, అంటే నెల పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను. ఆ రోజులు తప్ప మిగతా రోజుల్లో తొమ్మిదికి బయటపడతాను. నెలలో బరువు రోజులు ఏవో ముందే తెలుసు కాబట్టి చదువుకు, ఇంటర్వ్యూలకు మిగతా రోజులు పెట్టుకుంటున్నాను. ఈ తెలియడమే నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది.

పొద్దున పూట ఖాళీగా ఉండటం ఎంత విలువైందో కూడా చెప్పాలి. ఇంటర్వ్యూలు, జాబ్ మేళాలు దాదాపు అన్నీ పగటి పూటే ఉంటాయి. పగలు ఇరుక్కునే పనిలో చేరితే మేళాకు పోవాలంటే సెలవు, సెలవంటే కోత. సాయంత్రం పనికి ఆ బాధ లేదు.

ఇక ఏ పార్ట్ టైమ్ అన్నది. కామర్స్ చదివిన వాళ్ళకు కొట్లో లెక్కలే నా ఓటు. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఎక్కించడం, 50,000 రూపాయలు దాటిన సరుకు పంపడానికి ఈ-వే బిల్లు తీయడం, 14న టూబీ (మనకు సరుకు అమ్మినవాళ్ళు జీఎస్టీలో చూపించిన బిల్లుల పట్టీ) రాగానే కొనుగోలు బిల్లులతో సరిచూడడం, ఇవన్నీ రేపు ఏ కంపెనీ అకౌంట్స్ ఇంటర్వ్యూలోనైనా అడిగేవే. ఇంట్లో కూర్చుంటే ఇవి మర్చిపోతాం. పైగా ఆడిటర్ ఆఫీసు కుర్రాళ్ళు, సరుకు వేసే కంపెనీల సేల్స్ వాళ్ళు రోజూ వస్తూ పోతూ ఉంటారు. మన జిల్లాల్లో ప్రైవేటు ఉద్యోగాలు చాలా వరకు పేపర్లో పడకముందే ఇట్లాంటి మాటల్లోనే నిండిపోతాయి. నాకు వచ్చిన ఇంటర్వ్యూ పిలుపుల్లో కొన్ని ఆ ఆడిటర్ ఆఫీసు ద్వారా వచ్చినవే.

డీఎస్సీ వాళ్ళకు ట్యూషన్లు. ఒంగోలు చెల్లికి కూడా అదే చెప్పాను. ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు పోస్టు) కంటెంట్ ఎలాగూ స్కూలు పుస్తకాల నుంచే కదా, నాలుగో తరగతి పిల్లాడికి భిన్నాలు మూడు రకాలుగా చెప్పాల్సి వచ్చినప్పుడు అర్థమయ్యేంత మెథడాలజీ గైడులో చదివితే అర్థం కాదు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది, వేళ కూడా పక్కాగా ఉంటుంది. లోటు ఒకటే, ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్‌లో బడి తెరిచే దాకా పైసా రాదు, ఆ నెలన్నరకు ముందే దాచుకోవాలి.

ఫుడ్ డెలివరీ గురించి అడిగే కుర్రాళ్ళు ఎక్కువ. చేరడం తేలిక, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, ఇష్టమైనప్పుడు యాప్ ఆఫ్ చేసుకోవచ్చు. కానీ ఆర్డర్లు పడేది మధ్యాహ్నం భోజనం వేళా రాత్రి ఏడు నుంచి పది దాకా, అంటే రోజు మధ్యలో రెండు ముక్కలవుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం నెల్లూరు రోడ్ల మీద బండి నడపడం ఎట్టా ఉంటుందో ఇక్కడి వాళ్ళకు చెప్పక్కర్లేదు. వచ్చిన డబ్బులోంచి పెట్రోలు, టైర్లు, సర్వీసింగ్ తీసేసి మిగిలిందే సంపాదన అని లెక్క రాసుకోండి. బయటికెళ్ళి పదిమందిని కలిసినట్టే ఉంటుంది గానీ ఉద్యోగం చెప్పే మనిషి ఒక్కడూ తగలడు. అత్యవసరంగా డబ్బు కావాలంటే చేయండి, ఏడాది పొడుగునా వద్దు.

టంగుటూరు, కొండపి, పొదిలి వైపు పొగాకు వేలం కేంద్రాల దగ్గర సీజన్ పని దొరుకుతుంది, సీజన్ అయిపోతే అదీ అయిపోతుంది. ముహూర్తాల రోజుల్లో కేటరింగ్ కూడా అంతే, చేతి ఖర్చుకు.

తక్కువ జీతానికి ఏదో ఒక ఫుల్ టైమ్‌లో చేరిపోవడం నాకు నచ్చదు. పన్నెండు వేలకు రోజంతా పోతే వెతుక్కునే టైమే ఉండదు, రెండేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉంటారు. ఇంటికి ఆ పన్నెండు వేలు లేకపోతే గడవదంటే అది వేరే సంగతి, అప్పుడు ఎవరి సలహా వినక్కర్లేదు. చెన్నైకో బెంగళూరుకో పోయి రూము తీసుకుని వెతకడం చేతిలో కనీసం మూడు నెలల అద్దె ఉన్నవాళ్ళకే.

పార్ట్ టైమ్‌లో చేరే ముందు ఒక్కటి చూసుకోండి. పాత కంపెనీలో మీ జీతంలో ఈఎస్ఐ కోత పడేదా? పడి ఉంటే, ఉద్యోగం పోయినవాళ్ళకు ఈఎస్ఐ ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద 90 రోజుల దాకా సగటు రోజు వేతనంలో సగం రావచ్చు. కనీసం రెండేళ్ళు బీమాలో ఉండాలి, పోయిన ఉద్యోగం మీ తప్పు వల్ల పోయి ఉండకూడదు, జీవితంలో ఒక్కసారే ఇస్తారు. 2018లో పెట్టిన ఈ పథకాన్ని పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ఇప్పుడు నడుస్తోందా లేదా ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి. వేరే సంపాదన మొదలైతే అక్కడితో ఆ సాయం ఆగిపోతుంది, అందుకని దాంట్లో వచ్చేదీ పార్ట్ టైమ్‌లో వచ్చేదీ పక్కపక్కన రాసుకుని, ఎక్కువ ఏదో చూసుకున్నాకే షావుకారుకు మాటివ్వండి.