ఆటిజం విషయంలో తల్లి వయసా, తండ్రి వయసా: దేన్ని ఎక్కువ పట్టించుకోవాలి?

ముప్పై దాటాక పెళ్లి చేసుకున్నవారు, రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నవారు నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: "అమ్మాయికి 35 వస్తున్నాయి, ఇంకా ఆలస్యం చేస్తే బిడ్డకు ఆటిజం వస్తుందంటున్నారు, నిజమేనా?" ఈ ప్రశ్నలో భర్త వయసు ప్రస్తావన దాదాపు ఎప్పుడూ ఉండదు. మూడేళ్ల క్రితం మేము రెండో సంతానం గురించి ఆలోచించినప్పుడు కూడా ఇంట్లో పెద్దవాళ్లు లెక్కపెట్టింది నా 34 ఏళ్లనే గాని మావారి 41 ఏళ్లను కాదు. ఆనాడు నేను చదివి తెలుసుకున్నదాన్ని బట్టి చూస్తే, వాళ్లు లెక్కపెట్టవలసింది ముందుగా ఆయన వయసునే.

అందరి దృష్టీ తల్లి మీదే పడటానికి కారణం, బిడ్డలో ఒక క్రోమోజోము ఎక్కువ కావడం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్. తల్లికి 25 ఏళ్లప్పుడు సుమారు 1,250 కాన్పుల్లో ఒకటిగా ఉండే ఆ అవకాశం 40 ఏళ్లకు 100లో ఒకటి దాకా పెరుగుతుంది. ఆటిజం అలాంటిది కాదు. అది ఒక క్రోమోజోము ఎక్కువ కావడం వల్ల వచ్చేది కాదు, వయసుతో అంత నిటారుగా పెరిగేదీ కాదు.

డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాలలో పుట్టిన 57 లక్షల మంది పిల్లల వివరాలతో 2015లో వెలువడిన అధ్యయనం ఈ విషయంలో నేను ఎక్కువగా నమ్మేది. ఇరవైలలో ఉన్న తండ్రులతో పోలిస్తే నలభైలలో ఉన్న తండ్రుల పిల్లల్లో ఆటిజం 28 శాతం, 50 దాటిన తండ్రుల పిల్లల్లో 66 శాతం ఎక్కువగా కనిపించింది. ఇరవైలలో ఉన్న తల్లులతో పోలిస్తే నలభైలలో ఉన్న తల్లుల పిల్లల్లో ఆ పెరుగుదల 15 శాతం మాత్రమే. ఇరవై నిండని తల్లుల పిల్లల్లో కూడా 18 శాతం ఎక్కువ ఉందని అదే అధ్యయనం చెప్పింది కాబట్టి, అమ్మాయికి తొందరగా పెళ్లి చేసేస్తే సరిపోతుందన్న వాదనకు ఇందులో ఆధారం లేదు. 2010లో వచ్చిన కాలిఫోర్నియా అధ్యయనం మాత్రం తల్లి వయసుకే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చిందని, తండ్రి వయసు ప్రభావం ముఖ్యంగా తల్లి 30 లోపు ఉన్నప్పుడే కనిపించిందని చెప్పకపోతే అన్యాయమవుతుంది.

అయినా నేను తండ్రి వైపే మొగ్గడానికి అంకెల కంటే శరీరధర్మం పెద్ద కారణం. స్త్రీ అండాలన్నీ ఆమె తన తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి. పురుషుడిలో వీర్యకణాలను తయారుచేసే మూలకణాలు మాత్రం యవ్వనం నుంచి ఏడాదికి ఇరవై పైచిలుకు సార్లు విభజన చెందుతూనే ఉంటాయి, ప్రతి విభజనలోనూ జన్యుపదార్థాన్ని మళ్లీ నకలు తీయవలసి వస్తుంది, నకలు తీసినప్పుడల్లా ఎక్కడో ఒక అక్షరం తప్పడానికి వీలుంటుంది. ఐస్‌లాండ్‌లో 78 కుటుంబాలను పరిశీలించి 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 20 ఏళ్ల తండ్రి నుంచి బిడ్డకు సుమారు 25 కొత్త జన్యు మార్పులు చేరితే, 40 ఏళ్ల తండ్రి నుంచి సుమారు 65 చేరుతున్నాయి. ఆ ఫలితాల్లో తల్లి నుంచి చేరేవి ఆమె వయసు ఎంతైనా 15 దగ్గరే ఉన్నాయి. వీటిలో అత్యధిక భాగం ఏ హానీ చేయనివే. వీర్యపరీక్షలో కణాల సంఖ్య, కదలిక బాగున్నాయని రిపోర్టు వచ్చినా ఈ మార్పులు అందులో కనిపించవు గనుక, ఆ రిపోర్టు చూపించి "మగవాడికి వయసుతో పనేముంది" అనడం సరికాదు.

అయితే కొత్త మార్పులు ఒక్కటే ఈ పెరుగుదలనంతా వివరించలేవని, ఆటిజంకు దగ్గరి లక్షణాలు కొద్దిగా ఉన్న పురుషులకు సంసారం ఆలస్యంగా కుదరడం కూడా ఒక కారణం కావచ్చని కొందరు జన్యుశాస్త్రజ్ఞుల వాదన. అదే నిజమైతే, కేవలం కొన్నేళ్లు ఆగినందువల్ల ఒక మనిషి విషయంలో పెరిగేది ఇంకా తక్కువే అవుతుంది.

శాతాలు విని భయపడేవారికి ఒక లెక్క చెప్పాలి. వెయ్యి మంది పిల్లల్లో 10 మందికి ఆటిజం ఉంటుందనుకుంటే, తండ్రి నలభైలలో ఉన్నప్పుడు ఆ సంఖ్య సుమారు 13, యాభై దాటితే దాదాపు 17, తల్లి నలభైలలో ఉంటే 11 లేదా 12 అవుతుంది. అంటే నలభై దాటిన తండ్రులకు పుట్టే ప్రతి వెయ్యి మందిలో 980కి పైగా పిల్లలకు ఆటిజం ఉండదు. తల్లి వయసును చూసుకోవలసింది గర్భం నిలవడం, బీపీ, గర్భిణీ మధుమేహం, నెలలు నిండకముందే కాన్పు కావడం వంటి కారణాల కోసమే గాని ప్రధానంగా ఆటిజం కోసం కాదు.

దంపతుల మధ్య వయసు తేడా గురించి కూడా ఒక మాట. తండ్రికి 35 నుంచి 44 మధ్య ఉండి తల్లి పదేళ్లో అంతకు మించో చిన్నదైనప్పుడు ఆటిజం మరింత ఎక్కువగా కనిపించిందని ఆ అయిదు దేశాల అధ్యయనమే చెప్పింది. మేనమామ సంబంధాల్లో అలాంటి తేడా మన ఇళ్లలో అరుదు కాదు కాబట్టి, "పెళ్లికూతురు చిన్నదే కదా" అన్న ధీమా ఆటిజం విషయంలో పనికిరాదు. అండాలను భద్రపరచడం తండ్రి వయసును ఏమీ మార్చదు. చిన్న వయసులోనే వీర్యాన్ని భద్రపరచడం సిద్ధాంతరీత్యా అర్థవంతమే అయినా, ఇంత చిన్న తేడా కోసం దాన్ని నేను ఎవరికీ సూచించను.

మేము మాత్రం ఇంటి అప్పు తీరేదాకా మరో మూడేళ్లు ఆగుదామన్న ఆలోచన మానుకున్నాం. ఆయనకు 44 వచ్చేదాకా ఆగి సాధించేదేమీ కనిపించలేదు.

మొదటి బిడ్డకు ఆటిజం ఉన్న దంపతుల లెక్క పూర్తిగా వేరు. అలాంటి ఇళ్లలో తర్వాత పుట్టే పిల్లల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఆటిజం కనిపిస్తోంది, దాని ముందు తల్లిదండ్రుల వయసు తెచ్చే తేడా చాలా చిన్నది. గర్భంలో ఉండగా బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్ ఆటిజాన్ని పట్టుకోలేదు. అందువల్ల రెండో బిడ్డను అనుకునే ముందే జన్యు నిపుణులను కలవడం, పుట్టాక ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నదా, ఏడాదిన్నరకు కావలసినదాన్ని వేలితో చూపిస్తున్నదా అని గమనించి, అనుమానం ఉంటే "ఆలస్యంగా మాటలు వస్తాయిలే" అని ఆగకుండా పిల్లల వైద్యులకు చూపించడం వారికి అవసరం.