గ్రో బ్యాగుల్లో నాలుగు చలికాలాలు

హైదరాబాద్‌లో మా మిద్దె మీద హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్ గుడ్డ) గ్రో బ్యాగులతో శీతాకాలపు కూరగాయలు పండించడం ఇది నాలుగో ఏడు. మొదట్లో రెండు సైజులు కొన్నాను. రెండడుగుల చదరం, అడుగు లోతున్నవి ఆరు. అడుగు వెడల్పు గుండ్రటివి పది. ఇప్పుడైతే గుండ్రటివి ఒక్కటీ కొనను. ఒక్కో దాంట్లో ఒక్క క్యాబేజీ మొక్కే పడుతుంది, అదీ మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. పెద్ద బ్యాగులో నాలుగు మొక్కలు పెట్టినా రోజు మార్చి రోజు నీళ్లు పోస్తే చాలు.

గుడ్డ గట్టిదే, చిరగలేదు. పోయిందల్లా కుట్టు. మూడో ఎండాకాలానికి పడమటి వైపు దారం పొడిపొడిగా రాలిపోయింది. చేపల గాలానికి వాడే నైలాన్ దారంతో నేనే కుట్టుకున్నాను. చేతిపిడుల్ని నమ్మకండి, మట్టి నింపాక పట్టుకు లాగితే ఊడొస్తాయి. ఎక్కడ ఉంచాలనుకుంటే అక్కడే నింపాలి. కింద నాలుగు ఇటుకలు పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. నేను పెట్టలేదు, స్లాబుకు చెమ్మ దిగి ఇంట్లో అక్షింతలు పడ్డాయి.

బ్యాగు సంగతి ఎలా ఉన్నా, అసలు ఆట అదునుదే. వినాయక చవితి వెళ్లగానే క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు పోసి, నెల తిరక్కుండా నాటేస్తాను. రెండో ఏడు బద్ధకించి నర్సరీలో ముదురు నారు కొన్నాను. పువ్వు నిమ్మకాయంత అయి ఆగిపోయింది. క్యారెట్‌కు కూడా నారు పోసి నాటాను, అదో తెలివి! ఒక్కోటి రెండు కాళ్లు, మూడు కాళ్లతో వచ్చింది. దానికి గింజ నేరుగా చల్లుకోవాల్సిందే.

బ్యాగుల ఖర్చుకు న్యాయం చేసింది పందిరి చిక్కుడే. జూన్‌లో పెడితే తీగ అల్లుకుందే కానీ పూత లేదు. "ఇది కాసే రకం కాదు, పీకెయ్" అంది అమ్మ. పొద్దు తగ్గితేనే పూసే పాత రకమని అప్పుడు మాకు తెలీదు. కార్తీకంలో ఊదారంగు గెలలు లేచాయి. వాటితోపాటే రసం పీల్చే పేనుబంక పురుగులు. ఎక్కువైన చివుళ్లు తుంచేసి, మిగతావి పైపు నీళ్లతో గట్టిగా కడుగుతాను. వారం వదిలేశామా, కాయ జిగురుజిగురే.

ఇప్పుడు ఎదురింటావిడ రథసప్తమికి రథం చేయడానికి కాయలు, పరమాన్నం పెట్టడానికి ఆకులు మా దగ్గరే కోసుకెళ్తుంది.