టెలిగ్రామ్ పీడీఎఫ్‌నా, లైబ్రరీ జిరాక్సా?

విజయనగరం ఇంజినీరింగ్ విద్యార్థులకు సెమిస్టర్ మొదలవగానే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పెట్టిన టెక్స్ట్‌బుక్ పీడీఎఫ్. రెండోది, లైబ్రరీ పుస్తకంలోంచి సార్ చెప్పిన చాప్టర్లు మాత్రం జిరాక్స్ తీయించుకోవడం.

పీడీఎఫ్ క్షణాల్లో వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు. పుస్తకం కొనలేని ఇంటి పిల్లలకు అదెంత ఊరటో నాకు తెలుసు. వాళ్లను దొంగలంటే ఒప్పుకోను. కానీ అనుమతి లేకుండా పుస్తకం మొత్తాన్ని గ్రూపులో పంచడం కాపీరైట్ ఉల్లంఘనే. తెలిసే చేశారని రుజువైతే, 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారంగా చేయకపోతే తగిన కారణాలు చూపి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. ఫార్వర్డ్ చేసే పిల్లలకు ఈ సంగతి కాలేజీలోనే చెప్పాలి.

జిరాక్స్ సంగతి వేరు. బోధనలో భాగంగా టీచర్ గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకుంటే, అదే చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘనగా చూడదు. ఢిల్లీ యూనివర్సిటీలోని జిరాక్స్ షాపుపై ప్రచురణ సంస్థలు వేసిన కేసులో, 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును నిలబెట్టింది. పాఠానికి కావలసినంత మేరకే సుమా! పేజీకింత అని ఖర్చవుతుంది, పరీక్షల ముందు షాపులో రద్దీ. అయినా నా ఓటు దీనికే.

వీడియో పాఠాలకైతే ఈ టెన్షనే లేదు. ఐఐటీ అధ్యాపకుల ఎన్‌పీటెల్ పాఠాలు యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు.