చెట్టు చరాస్తా, స్థిరాస్తా? చట్టంలో మాటకు అర్థం ఎక్కడ వెతికితే మేలు

మా పెదనాన్న గట్టు మీద పెంచిన టేకు చెట్లను గుత్తకు అమ్మాలనుకున్నప్పుడు ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. కొనేవాడేమో "చెట్లకు కాగితం దేనికండీ, డబ్బిచ్చి కొట్టుకుపోతాను" అన్నాడు. "నేలలో పాతుకుపోయిందేదైనా స్థిరాస్తే, రిజిస్ట్రేషన్ లేకపోతే చెల్లదు" అని అన్నయ్య పట్టుబట్టాడు. నేను న్యాయ నిఘంటువు తీశాను. స్థిరాస్తి అంటే కదలని ఆస్తి అని ఉంది. చెట్టు కదలదు కదా, అన్నయ్యదే రైటు అనుకున్నాను. మర్నాడు తెలిసిన ప్లీడరు గారి దగ్గరికి వెళ్తే ఆయన ఒకే మాట అడిగారు: "ఏ చట్టం ప్రకారం?"

ఆ తర్వాత చాలా ఏళ్లు చట్టాలను తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నాను. ఆయన అడిగిన ఆ ప్రశ్న లేకుండా ఏ మాటకూ అర్థం వెతకలేదు. వెతకడానికి చోట్లు మూడున్నాయి: ఆ చట్టంలోనే ఉండే నిర్వచనాల సెక్షన్, కేంద్ర చట్టాలన్నిటికీ ఉమ్మడి నిర్వచనాలు ఇచ్చే 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్, నిఘంటువు. చాలామంది నిఘంటువుతో మొదలుపెడతారు. నా లెక్కలో అది చివర తెరవాల్సిన పుస్తకం.

చెట్టు సంగతే చూడండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం స్థిరాస్తి అంటే ఏమిటో చెప్పదు. ఏది కాదో మాత్రం 3వ సెక్షన్‌లో చెబుతుంది: నిలిచి ఉన్న కలప, ఎదుగుతున్న పైరు, గడ్డి స్థిరాస్తి కావు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇంకాస్త ముందుకెళ్తుంది. భూమి, కట్టడాలు, దారి హక్కు, వెలుతురు హక్కు, రేవు హక్కు, చేపలు పట్టే హక్కు ఇవన్నీ స్థిరాస్తిలో చేర్చి, కలప, పైరు, గడ్డిని చరాస్తిలో వేస్తుంది. చెట్టు మీది కాయ, చెట్టులోని రసం కూడా చరాస్తేనట. తాటిచెట్టులో ఊరే కల్లు దాకా ఆలోచించి రాశారన్నమాట. 1930 నాటి వస్తు విక్రయ చట్టం దగ్గరికొస్తే, నేలను అంటుకుని ఉన్నదైనా సరే, అమ్మకానికి ముందో ఆ ఒప్పందం ప్రకారమో వేరుచేసి ఇస్తామని మాట అయితే అది సరుకే.

క్రిమినల్ చట్టంలో మరో రకం. చెట్టు నేలలో ఉన్నంతసేపూ చరాస్తి కాదు, కాబట్టి దొంగతనానికి గురయ్యే వస్తువూ కాదు. గొడ్డలి పడి నేల నుంచి వేరైన క్షణాన చరాస్తి అవుతుంది, దురుద్దేశంతో నరికినవాడు ఆ క్షణానే దొంగ అవుతాడు. 1860 నాటి ఐపీసీ (భారత శిక్షా స్మృతి) 378వ సెక్షన్ ఈ సంగతిని ఉదాహరణతో సహా చెప్పింది.

ఒకే చెట్టుకు ఇన్ని రూపాలు. వీటిలో ఒక్కటీ నా నిఘంటువులో లేదు.

మరి మా టేకు చెట్లు? 1958లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన శాంతాబాయి కేసు చదివాక నాకు తెరిపిన పడ్డట్టయింది. ఒక జమీందారు తన అడవిలో చెట్లు కొట్టుకునే హక్కును 1948 నుంచి 1960 దాకా భార్యకు రాసిచ్చాడు, కాగితం రిజిస్టర్ చేయించలేదు. ఆ హక్కు నిలవలేదు. జస్టిస్ వివియన్ బోస్ అందులో చెట్టుకూ నిలిచి ఉన్న కలపకూ తేడా చెప్పారు. త్వరలోనే కొట్టేయబోతున్న, కలపగా వాడటానికి సిద్ధమైన మాను నిలబడి ఉన్నా కలప కిందే లెక్క. ఇంకా ఏళ్ల తరబడి నేలసారం పీల్చుకుంటూ ఎదగబోయేది చెట్టే, అది స్థిరాస్తి. కొనేవాడు ఎప్పుడు కొడతాడన్న దాని మీద ఆస్తి స్వభావమే మారిపోతోంది. అన్నయ్యా, ఆ గుత్తదారూ చెరిసగం రైటు.

ఇంతకీ ఆ చట్టంలోనే నిర్వచనం లేకపోతేనో, సగమే ఉంటేనో? అప్పుడు జనరల్ క్లాజెస్ యాక్ట్‌కు మించింది లేదు. చిలికా సరస్సు కేసు దీనికి మంచి సాక్ష్యం. అక్కడ కొందరు రాజు గారికి డబ్బు కట్టి, సరస్సులో చేపలు పట్టుకోవడానికి నోటిమాటగా అనుమతి తీసుకున్నారు. ఎస్టేటు ప్రభుత్వం చేతికి వెళ్లాక వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. నీళ్లలో ఈదే చేప చరాస్తే కదా అని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆస్తి బదిలీ చట్టంలో పూర్తి నిర్వచనం లేదు కాబట్టి కోర్టు 1897 చట్టం తెరిచింది. అందులో భూమి నుంచి వచ్చే లాభాలు కూడా స్థిరాస్తే. సరస్సులోకి దిగి చేపలు పట్టుకుపోయే హక్కు ఆ కోవలోకే వచ్చింది. రిజిస్టరు దస్తావేజు లేదు, హక్కూ దక్కలేదు. 1955 నాటి ఈ తీర్పు చదివిన ప్రతిసారీ నోటిమాట మీద బతికే జాలరుల మీద జాలేస్తుంది. ఒక్క మాట అర్థం వాళ్ల జీవనాన్ని తేల్చేసింది.

తేదీల లెక్కలకు కూడా ఈ చట్టమే దిక్కు. ఫలానా తేదీ 'నుంచి' అని ఉంటే ఆ తేదీని లెక్కలోంచి తీసేయాలి. ఆఖరి రోజు కోర్టుకో ఆఫీసుకో సెలవైతే, మళ్లీ తెరిచిన రోజు చేసినా గడువులో చేసినట్టే. 'నెల' అంటే బ్రిటిష్ క్యాలెండర్ నెల, పాడ్యమి నుంచి అమావాస్య దాకా లెక్కపెట్టే నెల కాదు.

కానీ ఈ చట్టాన్ని గుడ్డిగా పట్టుకోకూడదు. 'గుడ్ ఫెయిత్' అనే మాటను తెలుగులో సద్భావం అంటాం. జనరల్ క్లాజెస్ యాక్ట్ ప్రకారం నిజాయతీగా చేస్తే చాలు, అజాగ్రత్తగా చేసినా సద్భావమే. ఐపీసీ 52వ సెక్షన్ దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది: తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సద్భావం కానే కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టమూ ఇదే మాట అంటుంది. దావా తప్పు కోర్టులో వేసి, పోయిన కాలాన్ని మినహాయించమని అడిగే కక్షిదారు "నా మనసులో కల్మషం లేదండీ" అంటే చాలదు, ఏ కోర్టులో వెయ్యాలో చూసుకున్నాడా అన్నదీ తేలాలి. ఆ చట్టంలో సొంత నిర్వచనం ఉన్నప్పుడు ఉమ్మడి నిర్వచనాన్ని పట్టుకొచ్చి వాదిస్తే కేసు చేతులారా పోగొట్టుకోవడమే. అందుకే రెండిట్లో నా ఓటు ఎప్పుడూ ఆ చట్టంలోని నిర్వచనానికే.

'బాలలు' అనే మాట ఇంకో ఉదాహరణ. లైంగిక నేరాల నుంచి బాలలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా బాలలే. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టంలో అమ్మాయికి 18, అబ్బాయికి 21.

నిర్వచనం చదివేటప్పుడు ఒక చిన్న క్రియ దగ్గర ఆగండి. 'అంటే' అని ఉందా, 'కూడా చేరుతుంది' అని ఉందా? మొదటిది కంచె, లోపల ఉన్నదే ఉంటుంది. రెండోది తెరిచిన గుమ్మం, మామూలు అర్థం అలాగే ఉండి దానికి మరికొన్ని తోడవుతాయి. అనువాదంలో ఈ తేడా చెరిగిపోతే చట్టమే మారిపోతుంది. నా మొదటి రోజుల్లో రెండింటికీ 'అనగా' అని రాసేసి, తప్పు తెలిశాక ఆ పుటలన్నీ మళ్లీ రాశాను. పార్లమెంటు చట్టానికి ప్రామాణిక పాఠం ఇంగ్లిషుదేనని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతోంది. కాబట్టి తెలుగు ప్రతి చదివి సంగతి గ్రహించినా, తగాదా ఒక మాట మీదే ఉంటే మూలం దగ్గరికి వెళ్లాలి.

రాష్ట్ర చట్టాలకు మాత్రం 1897 చట్టం కాకుండా రాష్ట్రాల సొంత జనరల్ క్లాజెస్ చట్టాలు చూడాలి. ఆంధ్రలో 1891 నాటిది, తెలంగాణలో నిజాం కాలపు ఫసలీ 1308 నాటిది. ఆ పేరులోనే సంవత్సరం ఫసలీలో, అంటే పాత భూమిశిస్తు సంవత్సరాల లెక్కలో ఉంది, అంటే ఆంగ్ల లెక్కలో 1898 ప్రాంతం. పాత పహాణీలు, అడంగళ్లు చూసేవాళ్లకు ఈ 590 ఏళ్ల తేడా కొట్టినపిండే.

నిఘంటువు పనికిరాదని కాదు. చట్టం ఎక్కడా నిర్వచించని మామూలు మాట ఎదురైనప్పుడు అది దారి చూపుతుంది. కానీ అక్కడ కూడా కోర్టులు జనం నోట్లో ఉన్న అర్థానికే మొగ్గుతాయి. అమ్మకం పన్ను కేసులో తమలపాకు కూరగాయ అవునా కాదా అన్న ప్రశ్న 1961లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. నిఘంటువు పట్టుకుంటే ఆకు కూడా వృక్షజాతిదే, కూరగాయల్లో వేసేయొచ్చు. పెరట్లో పండించి వంటకు వాడేదే కూరగాయ, బజారులో తమలపాకును ఎవరూ ఆ పేరుతో అడగరు అని కోర్టు తేల్చింది. తాంబూలం ఇచ్చిన చేతులకు ఈ సంగతి నిఘంటువు లేకుండానే తెలుసు.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, పాత పుస్తకం అటక మీద పడేయొచ్చా అని అడుగుతున్నారు. వద్దు. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత నిర్వచనమే వర్తిస్తుంది, నిర్వచనాలు కూడా అన్నీ ఒకేలా లేవు. ఐపీసీ చరాస్తిలో చేర్చింది చేతికి తగిలే భౌతిక ఆస్తిని. కొత్త సంహితలో ఆ 'భౌతిక' అన్న మాట తీసేశారు. కేసు ఏ రోజుదో చూసుకుని పుస్తకం తెరవాలి.

టేకు చెట్ల బేరానికి చివరికి కాగితం రాశాం. చెట్ల లెక్క, ఒక్కోదాని చుట్టుకొలత, అటవీ శాఖ అనుమతి వచ్చాకే గొడ్డలి పడాలన్న షరతు. 'నెల లోపు కొట్టుకుపోవాలి' అని రాయబోతుంటే ప్లీడరు గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. నెల అని రాయొద్దు, తేదీ వెయ్యమన్నారు.